ఇరవై సెకన్ల వీడియోకి లోకమంతటికీ జవాబు చెప్పుకోవాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది శ్రీకాకుళం. మా ఆయనకి చిన్న కిరాణా కొట్టు ఉంది. మామగారు హైస్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 78 ఏళ్లు. మూడేళ్లుగా డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. విశాఖ కేజీహెచ్‌లో చూపించి మందులు వాడుతున్నాం. పొద్దున్నే లేచి ‘గంట కొట్టీశారు, గుంటలు ఎండలో నిల్చున్నారు’ అంటూ చొక్కా తొడుక్కుని బడికి బయల్దేరిపోతారు. పోయిన నెల నేను వంటింట్లో ఉండగా గడియ తీసుకుని వెళ్లిపోయారు. మా ఆయన వెతుక్కుంటూ వెళ్లేసరికి హైవే మీద లారీలకి అడ్డంగా నడుస్తున్నారట. చెయ్యి పట్టుకుని గట్టిగా ఇవతలికి లాగారు. మామగారు కొడుకుని గుర్తుపట్టలేదు. ‘ఎవర్రా నువ్వు, వదులు, నన్ను కొట్టీకు’ అని కేకలు పెట్టారు. ఎవరో ఫోన్లో తీశారు. ఇరవై సెకన్ల వీడియో. ‘ఆస్తి రాయించుకుని కన్నతండ్రిని రోడ్డున ఈడుస్తున్న కొడుకు’ అని రాసి ఒక లోకల్ పేజీలో పెట్టారు. రెండు రోజుల్లో లక్షల మంది చూశారు. కొట్టు పేరు, మా ఆయన ఫోన్ నంబరు కూడా కామెంట్లలో పెట్టేశారు. రాత్రిళ్లు ఫోన్ చేసి తిడుతున్నారు. కొట్టు తగలబెడతానన్నాడు ఒకడు. మేమే అద్దె ఇంట్లో ఉన్నాం. మామగారికి పెన్షన్ తప్ప ఆస్తి ఏదీ లేదు. వీధిలో వాళ్లు కూడా ‘నిప్పు లేకుండా పొగొస్తుందేటి’ అంటున్నారని తెలిసింది. పదో తరగతి చదివే మా పాప స్కూలుకి వెళ్లనంటోంది. కొట్టు మూసేసి పది రోజులు దాటింది. డాక్టరు చీటీలు చూపిస్తూ మనమూ ఒక వీడియో పెడదామని మా ఆయన అంటున్నారు. మా ఆడపడుచు భర్త, ఆ వీడియో తీసిన కుర్రాడెవరో కనుక్కున్నారు. పక్క ఊరి డిగ్రీ కుర్రాడట. వాడి ఫొటో, ఊరు పేరు పెట్టేస్తే వాడికీ తెలిసొస్తుందంటున్నారు. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్ కింద కేసు పెట్టిద్దామనీ అంటున్నారు. నాకేమీ తోచడం లేదు. అన్నిటికన్నా బాధ ఇంకొకటుంది. మా ఆయన ఇప్పుడు బయట నాన్న చెయ్యి పట్టుకోవడానికి భయపడుతున్నారు.
— ఒక కోడలు

సమాధానం: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. కొడుకు తండ్రి చెయ్యి పట్టుకోవడానికి జంకుతున్నాడంటే, ఆ కామెంట్లు రాసినవాళ్లు మీ ఇంటికి చేసిన నష్టాల్లో అదే పెద్దది. కొట్టు రేపో మాపో తెరుచుకుంటుంది. ఆ చెయ్యి మాత్రం ఈ పూటే కావాలి. మీ మామగారు రేపు పొద్దున్న మళ్లీ బడికి బయల్దేరతారు కదా.

ఈ భాగం మీ వారికి చదివి వినిపించండి. బాబూ, ఆ రోజు మీరు చేసింది సరైన పని. లారీ మీదికొస్తుంటే బతిమాలే వ్యవధి ఉండదు, లాగాల్సిందే. నాన్నగారు అలా అరిచారని మనసు కష్టపెట్టుకోకండి. ఆ క్షణాన ఆయనకి మీరు నిజంగానే ముక్కూమొహం తెలియని మనిషి. తెలియనివాడు చెయ్యి పట్టుకు లాగితే ఎవరైనా కేకలు పెడతారు. ఆయన భయం నిజమే. అది మీ మీద కోపం మాత్రం కాదు. ఈ జబ్బులో కన్నబిడ్డ మొహం కూడా చెరిగిపోతుంది. మన దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంటుందని 2023లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. ఆ ఇళ్లన్నిటిలోనూ ఎవరో ఒకరు రోజూ ఇలా చెయ్యి పట్టుకుంటూనే ఉన్నారు.

ప్రమాదం లేని చోట మాత్రం వెనక నుంచి పట్టుకోకండి. ఎదురుగా ఆయన కంటికి ఆనేలా వెళ్లి, మెల్లిగా పలకరించి, పక్కన చేరి, ఆయన వెళ్తున్న వైపే నాలుగడుగులు నడవండి. ‘బడీ లేదు గిడీ లేదు, రిటైరయ్యి ఇరవై ఏళ్లయింది’ అని వాదిస్తే ఆయన బెంబేలెత్తిపోతారు. ‘మాస్టారూ, ఇవాళ ఏ క్లాసుకి పాఠం?’ అని అడిగి చూడండి. పాఠం గురించి చెప్పుకుంటూ పోతారు. ఆ మాటల్లో పెట్టే వీధి మలుపు తిప్పి ఇంటికి తీసుకురావచ్చు. జనం ఉన్న చోట రోజూ కాసేపు ఆయన్ని నడిపించండి. మొదట్లో ఒళ్లు ముడుచుకుపోయినట్టు ఉంటుంది. అయినా మానకండి.

ఇక ఆ వీడియో. దానికి జవాబు చెప్పడం ఇంత కష్టంగా ఉందంటే కారణం, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మీ వారు లాగడం నిజం. పెద్దాయన కేకలు నిజం. ‘కొట్టీకు’ అన్న మాట నిజం. అబద్ధమల్లా పైన రాసిన ఒక్క వాక్యం. జనం ముందు ఆ వాక్యం చదివారు, తర్వాత వీడియో చూశారు. దాని పైన ‘లారీ కింద పడబోయిన తండ్రిని కాపాడుకున్న కొడుకు’ అని రాసి ఉంటే ఇదే జనం చేతులెత్తి దండం పెట్టేవారు.

వాళ్లంతా చెడ్డవాళ్లని నేననుకోను. పిల్లలు హైదరాబాదో చెన్నయ్యో వలసపోయి, ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు మన జిల్లాలో ఏ ఊరికెళ్లినా కనిపిస్తాయి. అమ్మానాన్నల్ని చూడని పిల్లల కథలు నిజంగానే వింటున్నాం. అది తలచుకుంటే చాలామందికి దిగులు. కొందరికి తమ మీద తమకే గుబులు. మీ వీడియో సరిగ్గా ఆ పుండు మీద పడింది. తమ ఇంట్లో తీర్చుకోలేనిది మీ ఇంటి మీద తీర్చుకున్నారు. ఫోన్లో కోప్పడటానికి ఖర్చేం లేదు, అడ్డూ లేదు. పైగా ఈ యాప్‌లు జనం ఎక్కువసేపు ఆగి చూసి, కామెంట్ పెట్టి, పంచుకున్నదాన్నే ఇంకా ఎక్కువ మంది ముందుకు తోస్తాయి. తిట్టినవాడూ, ‘పాపం, నిజమేంటో కనుక్కోండి’ అని రాసినవాడూ ఇద్దరూ ఆ వీడియోని పైకి లేపినవాళ్లే.

నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. పెద్దాయన మీద అంత జాలి కురిపించారు కదా, ఇప్పుడాయన ఎలా ఉన్నారని ఒక్కరైనా కనుక్కున్నట్టు మీ ఉత్తరంలో లేదు. ముసలివాళ్లని ఎవరైనా బాధపెడుతున్నారని నిజంగా అనుమానం వస్తే 14567 ఉంది, అది వృద్ధుల కోసం పెట్టిన ఎల్డర్‌లైన్. పోలీసుల కోసం 112 ఉంది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టమే వచ్చింది. దాని కింద ఫిర్యాదు వెళ్తే ఆర్డీవో స్థాయి అధికారి ముందు విచారణ జరుగుతుంది. కొడుక్కి నోటీసిచ్చి, అతను చెప్పేది కూడా విన్నాకే ఏదైనా తేలుస్తారు. అంతెందుకు, ఊళ్లో పెద్దమనుషుల దగ్గరికి తగువు వెళ్లినా ‘ఏటి బావూ, ఏటైనాది, నువ్వు చెప్పు’ అని అడిగాకే మాట్లాడతారు. మీ వారిని ఆ ఒక్క ముక్క అడిగిన దిక్కు లేదు.

ఇలా జబ్బుని నేరంగా చూడటం మీ ఇంటితో మొదలవలేదు. 2015 ఆగస్టులో ఢిల్లీ మెట్రో రైల్లో యూనిఫాంలో ఉన్న ఒక హెడ్ కానిస్టేబుల్ తూలుతూ పడిపోతున్న వీడియో దేశమంతా తిరిగింది. తాగి డ్యూటీ చేస్తున్నాడని అందరూ నవ్వారు, తిట్టారు. ఆయన్ని సస్పెండ్ చేశారు. తర్వాత చూస్తే ఆయనకి అంతకుముందు బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. తూలింది అందుకు. ఉద్యోగం మళ్లీ ఇచ్చారు గానీ, పోయిన పరువు ఇప్పించండని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. తూలుతున్న వీడియో చూసినవాళ్లలో స్ట్రోక్ సంగతి ఎంతమందికి చేరి ఉంటుంది? వాళ్లలో చాలామందికి ఆయన ఈ రోజుకీ తాగుబోతే.

అందుకే మీ వారిని వీడియో పెట్టొద్దనండి. డాక్టరు చీటీలు చూపిస్తూ అసలే వద్దు. మీ మామగారు ఒక జీవితకాలం పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పిన మనిషి. తన మతి చెదిరిందన్న సంగతి ఊరూవాడా చూడటానికి ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు అడిగినా ఒప్పుకోవడానికీ కాదనడానికీ ఆయనకి శక్తి లేదు. మీ పరువు నిలబెట్టుకోవడానికి ఆయన పరువు ఖర్చుపెట్టకూడదు. పోనీ ఆ సంగతి పక్కన పెట్టి చూసినా మీకు కలిసొచ్చేదేం లేదు. జబ్బు మనిషిని బయటికెందుకు వదిలారంటారు. కోడలు ఏం చేస్తోందంటారు. చీటీ మీద తేదీ ఏంటంటారు. ఈపాటికి వాళ్లంతా ఇంకో వీడియో మీద పడి ఉంటారు. వెళ్లిపోయినవాళ్లని మీరే బొట్టు పెట్టి పిలిచినట్టవుతుంది.

మీరు సంగతి చెప్పాల్సిన మనుషులు కొందరే ఉన్నారు. రోజూ కొట్టుకొచ్చేవాళ్లు, అప్పుకి సరుకిచ్చే హోల్‌సేల్ షాపాయన, ఇంటి ఓనరు, పాప స్కూలు హెడ్‌మిస్ట్రెస్, మీ వీధివాళ్లు. ‘నిప్పు లేకుండా పొగొస్తుందేటి’ అన్నవాళ్ల ఇంటికి ముందు వెళ్లండి. మీరూ మీ వారూ కలిసే వెళ్లండి. నిష్ఠూరాలు వద్దు. ‘మామగారు చెప్పకుండా వెళ్లిపోతున్నారు, ఆ రోజు లారీ కింద పడబోయారు, మీకెక్కడైనా కనిపిస్తే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి’ అని చెప్పండి చాలు. సంజాయిషీ ఇస్తే వినేవాళ్లు కూడా లోపల తూకం వేస్తూ ఉంటారు. సాయం అడిగితే మీ వైపు నిలబడతారు. నోటితోనే చెప్పండి, వాట్సాప్‌లో రాయకండి. రాసింది ఏదైనా స్క్రీన్‌షాట్ అయి ఇంకెక్కడో తేలుతుంది.

మీ మామగారికి మీరు మర్చిపోయిన బలం ఒకటుంది. హైస్కూల్ మాస్టారు కదా, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు జిల్లా అంతా ఉంటారు. ఇప్పుడు ప్రతి టెన్త్ బ్యాచ్‌కీ ఒక వాట్సాప్ గ్రూపుంది. వాళ్లలో కాస్త పెద్దరికం ఉన్నవాళ్లని ఒకరిద్దర్ని ఇంటికి పిలిచి, మాస్టారిని చూపించి, జరిగింది చెప్పండి. ‘మాస్టారి అబ్బాయి మాకు తెలుసు, అందులో రాసింది తప్పు, దాన్ని ఎవరూ పంపొద్దు’ అని వాళ్లు తమ గ్రూపుల్లో ఒక్క మాట అంటే, మీ వారు గంటసేపు మాట్లాడే వీడియో కన్నా ఎక్కువ పని చేస్తుంది. జబ్బు వివరాలు రాయొద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పండి.

ఇప్పుడు ఆ కుర్రాడు. మీ ఆడపడుచు భర్త మాట వినకండమ్మా. ఆయన కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ ఆ కుర్రాడే తీశాడని ఆయనకెలా తెలిసింది? వాడి స్టేటస్‌లో ముందు కనిపించిందనా? తీసినవాడు ఒకడు, పంపినవాడు ఒకడు, పైన ఆ వాక్యం రాసినవాడు ఇంకొకడు కావచ్చు. 2013 ఏప్రిల్‌లో అమెరికాలో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలినప్పుడు, అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అనుమానితుల ఫొటోలు బయటపెట్టింది. ఇంటర్నెట్‌లో జనం ఆ ఫొటోల్లో ఒకదాన్ని ఒక కాలేజీ కుర్రాడితో పోల్చేసుకున్నారు. మన భారతీయ కుటుంబంలో పిల్లాడు. అప్పటికి నెల రోజులుగా కనిపించకుండా పోయాడు. అతన్ని వెతుక్కోవడానికి ఇంటివాళ్లు పెట్టుకున్న ఫేస్‌బుక్ పేజీ మీదికే వెళ్లి నానా మాటలూ అన్నారు. ఆ పేజీనే తీసేసుకోవాల్సి వచ్చింది. అసలు నిందితులు వేరేవాళ్లని మర్నాటికల్లా తేలింది. కొద్ది రోజులకి ఆ కుర్రాడి శవం నదిలో దొరికింది. బాంబులతో అతనికి ఏ సంబంధమూ లేదు. ఆ ఊహాగానాలు సాగిన రెడిట్ అనే వెబ్‌సైటు ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పింది. కొడుకు ఏమయ్యాడో తెలియక ఏడుస్తున్న తల్లిదండ్రుల మీద ఆ రాత్రి ఎన్ని బూతులు పడ్డాయో ఆలోచించండి.

ఒకవేళ ఈ కుర్రాడే అయినా ఫొటో పెట్టొద్దనే అంటాను. మీ ఇంటికి వచ్చిన ఫోన్లే రేపు వాళ్లమ్మకి వస్తాయి. కొట్టు తగలబెడతానన్నవాడే వాళ్ల గడ్డివామి తగలబెడతానంటాడు. డిగ్రీ చదివే పిల్లాడు అది తట్టుకోలేక ఏదైనా చేసుకుంటే, మీ వారు జీవితాంతం మోయాల్సిన బరువు అది. ఇప్పుడు తప్పు మీ వైపు లేదు. దాన్ని అలాగే ఉండనివ్వండి.

వాడి దగ్గరికి వెళ్లాలి, అయితే మనుషుల్లా వెళ్లాలి. ఆ ఊళ్లో మీకు తెలిసిన పెద్దవాళ్లు ఒకరిని వెంటబెట్టుకుని, వాడి తల్లిదండ్రులు ఇంట్లో ఉండే వేళ చూసుకుని వెళ్లండి. గుంపుగా వద్దు. కేసు పెడతామన్న మాట గడపలోనే ఎత్తొద్దు. డాక్టరు చీటీలు చూపించాల్సింది అక్కడ, ఆ నలుగురికీ. ఆ రోజు ఏం జరిగిందో మీ వారు తన నోటితో చెప్పాలి. తర్వాత అడగండి, ‘వీడియో తీసే ముందు లారీ కనిపించలేదా బాబూ?’ అని. నిజంగా కనిపించకపోయి ఉండొచ్చు. కేకలు విన్నాకే ఫోన్ తీసి ఉంటాడు. వీడియో తీసెయ్యమనండి, ఎవరెవరికి పంపాడో వాళ్లకి ‘నేను పొరపాటుపడ్డాను’ అని వాడి మాటల్లోనే రాయమనండి, ఆ పేజీ వాళ్లకి కూడా. చాలామంది పిల్లలు ఇంత దాకా వచ్చాక కాదనరు. వాణ్ణి కెమెరా ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించుకోవడం మాత్రం వద్దు. అది ఇంకో వీడియో అవుతుంది.

కేసు సంగతి. 66ఏ సెక్షన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బులడిగితే నమ్మకండి. పరువు నష్టానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ ఉంది. అది పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టేది కాదు, లాయరు ద్వారా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వెయ్యాలి. ఏళ్లు పట్టొచ్చు. ఆ కుర్రాడి మీద అది వెయ్యడం నాకిష్టం లేదు. తీసెయ్యమని రాసి అడిగాక కూడా ఆ పేజీ వాళ్లు తీయకపోతే అప్పుడు లాయరుతో మాట్లాడండి.

కొట్టు తగలబెడతానన్నవాడి విషయంలో మాత్రం దయ అక్కర్లేదు. నిప్పు పెడతానని బెదిరించడం 351వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలు పడే నేరం. రేపే మీ స్టేషన్‌కి వెళ్లి కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. వెళ్లేముందు ఆధారాలు దాచండి. స్క్రీన్‌షాట్లో తేదీ, పెట్టినవాడి ఖాతా పేరు కనపడాలి, పోస్టు లింకు విడిగా రాసి పెట్టుకోవాలి, కాల్ లిస్టు చెరపకూడదు, ఆ ఫోన్ మార్చకూడదు. ఇలాంటివి కోర్టు దాకా వెళ్తే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది లాయరు చూసుకుంటారు. ఫోన్ నంబరు బయటపెట్టిన కామెంట్లని యాప్‌లోనే రిపోర్టు కొట్టండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఈ కంపెనీలకి మన దేశంలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఆయనకీ రాయండి. ఈ పనులన్నీ మీ ఆడపడుచు భర్తకి అప్పగించండి. ఆయన ఆవేశానికి పని దొరుకుతుంది.

పాపని బలవంతంగా పంపకండి, అలాగని ఇంట్లోనూ కూర్చోబెట్టకండి. పబ్లిక్ పరీక్షల ఏడాది. ముందు మీరిద్దరూ హెడ్‌మిస్ట్రెస్‌ని కలిసి క్లాసు టీచరుకి చెప్పించండి. పాపకి ఒక్కతే అయినా మంచి స్నేహితురాలు ఉంటుంది. ఆ అమ్మాయిని ఇంటికి రమ్మని, మర్నాడు ఇద్దర్నీ కలిపి పంపండి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో పాపకి ఒక మాట అలవాటు చెయ్యండి. ‘మా తాతగారికి ఒంట్లో బాగాలేదు, మా నాన్న ఆయన్ని లారీ కింద పడకుండా ఆపారు.’ అంతకుమించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ వీడియో తను చూసిందో లేదో కూడా అడగండి. చూసే ఉంటుంది, ఒంటరిగా చూసి ఉంటుంది. మీ పక్కన కూర్చోబెట్టుకుని, తాతగారు అలా ఎందుకు అరిచారో మీ వారే చెప్పాలి.

కొట్టు ఈ వారంలోనే తెరవండి. మొదటి రోజు తెలిసినవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని పొద్దున్నే సరుకులకి రమ్మని చెప్పుకోండి, తప్పేం లేదు. పాత నంబరు రాత్రి పూట ఆపేసి, బంధువులకి వేరే నంబరు ఇవ్వండి. మీ వారికి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు వచ్చినా ఆలస్యం చేయకుండా 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులేం తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మగవాళ్లు ఇలాంటివి ఒప్పుకోరు, మీరే కలిపి చేతికివ్వండి.

మామగారి చొక్కాలన్నిటికీ లోపలి వైపు పేరు, మీ కొత్త నంబరు కుట్టించండి. జేబులో చీటీ పెడితే తీసి పారేస్తారు. తలుపు గడియ ఆయన చూపు పడనంత ఎత్తులో బిగించి, తలుపుకి ఒక చిన్న గంట కట్టండి. హైవే వైపు మలుపులో ఆటో స్టాండు ఉంటే అక్కడి డ్రైవర్లకి మామగారిని ఒకసారి తీసుకెళ్లి చూపించి రండి.